పన్ను బిల్లులో కాలేజీ పేరు: అమెరికా శివారు కమ్యూనిటీ కాలేజీలపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా అమెరికా కమ్యూనిటీ కాలేజీల గురించే, అంటే హైస్కూలు తరవాతి రెండేళ్ల చదువు చెప్పే, స్థానిక పన్నుతో నడిచే ప్రభుత్వ కాలేజీల గురించే. కొందరిది పన్ను గొడవ, కొందరిది ట్రాన్స్‌ఫర్ (అక్కడి నుంచి విశ్వవిద్యాలయానికి మారడం) బెంగ, ఒకరిది వీసా సందేహం. వేర్వేరుగా కనిపించినా చాలా ప్రశ్నలు చివరికి ‘డిస్ట్రిక్టు’ అనే మాట దగ్గరికే వచ్చి ఆగుతున్నాయి. అందుకే ఆ మాట అర్థమయ్యే ప్రశ్నతో మొదలుపెడుతున్నాం.

ప్రశ్న: మా ఇంటి ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లులో స్కూళ్లు, పార్కు, లైబ్రరీతో పాటు ‘కాలేజ్ ఆఫ్ డుపేజ్ 502’ అని ఒక వరుస ఉంది. మా పిల్లలిద్దరూ ఇంకా మిడిల్ స్కూల్లోనే ఉన్నారు. ఆ కాలేజీ గుమ్మం తొక్కని మేము ఎందుకు కట్టాలి? ఆ పన్ను ఎవరు వేశారు?
– ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: 502 అన్నది బ్రాంచి నంబరు కాదమ్మా. ఇల్లినాయ్ రాష్ట్రం కమ్యూనిటీ కాలేజీల కోసం గీసిన 39 డిస్ట్రిక్టుల్లో మీది 502వ నంబరుది. డిస్ట్రిక్టు అంటే ఇక్కడ జిల్లా అని అర్థం కాదు. పన్ను వేసే అధికారం, ఎన్నికైన బోర్డు, గీసి పెట్టిన సరిహద్దు, ఈ మూడూ ఉన్న ఒక చిన్న ప్రభుత్వం అనుకోండి. ఆ ప్రభుత్వం చేసే పని ఒక్కటే, కాలేజీ నడపడం. బోర్డులో ఏడుగురు ట్రస్టీలను మీరే ఎన్నుకుంటారు, పదవీకాలం ఆరేళ్లు. వీరితో పాటు ఒక విద్యార్థి సభ్యుడు కూడా కూర్చుంటాడు.

పన్ను ఎవరు వేశారంటే, 1965లో ఇక్కడ ఉన్న ఓటర్లే. దాని వెనక కథ తెలిస్తే ఆ వరుస అంత చేదుగా అనిపించదు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 నాటి జీఐ బిల్లు చదువు ఖర్చు ఇచ్చింది, ఇంటి అప్పుకు హామీ ఇచ్చింది. రోడ్లు పడ్డాయి, మొక్కజొన్న చేలు ప్లాట్లు అయ్యాయి. డుపేజ్ కౌంటీ జనాభా 1950లో సుమారు లక్షా 55 వేలు. 1960 నాటికి 3 లక్షల 13 వేలు, 1970 నాటికి 4 లక్షల 92 వేలు. 1946లో పుట్టిన పిల్లలకు 1964లో 18 ఏళ్లు వచ్చాయి. హైస్కూలు దాటిన పిల్లలు వేలల్లో ఉన్నారు, ప్రభుత్వ కాలేజీ అన్నది మాత్రం దగ్గర్లో లేదు. సరిగ్గా అప్పుడే, 1965లో, ఇల్లినాయ్ శాసనసభ జూనియర్ కాలేజీ చట్టం చేసింది. స్థానికులు ఓటేస్తే డిస్ట్రిక్టు ఏర్పడుతుంది, ఖర్చులో కొంత రాష్ట్రం భరిస్తుంది. డుపేజ్ ప్రాంతం వారు ఓటేశారు.

కాలేజీ 1967 సెప్టెంబరు 25న తెరుచుకుంది, కానీ అప్పటికి దానికి సొంత క్యాంపస్ లేదు. ఆఫీసు ట్రైలర్లలో, చుట్టుపక్కల ఊళ్లలో అద్దెకు తీసుకున్న గదుల్లో పాఠాలు చెప్పారు. ఒక క్లాసు ఒక ఊళ్లో అయితే తరవాతి క్లాసు ఇంకో ఊళ్లో. విద్యార్థులు, అధ్యాపకులు కార్లేసుకుని రోడ్ల మీదే తిరగడం చూసి వాళ్లకు ‘రోడ్ రన్నర్లు’ అని పేరొచ్చింది. ఆ పేరున్న పక్షికే చాపరల్ అని మరో పేరు. ఈ కాలేజీ ఆటల జట్లు ఇప్పటికీ చాపరల్స్. గ్లెన్ ఎలిన్‌లో 273 ఎకరాల స్థలం 1968లో కొన్నారు, మరుసటి ఏడాది లాంబర్ట్ రోడ్డుకు పడమటి వైపు మూడు తాత్కాలిక భవనాలు లేచాయి. మొదటి శాశ్వత భవనం 1973లో గానీ తెరుచుకోలేదు. మొదటి అధ్యక్షుడు రాడ్నీ బెర్గ్ పేరే ఇప్పుడు దానికి ఉంది.

ఓటుకీ గోడలకీ మధ్య అన్నేళ్లు ఎందుకంటే, పని సాగే వరసే అది. ఓటింగు అయ్యాక బోర్డు ఎన్నిక, ఆ తరవాత పన్ను విధింపు. ఇల్లినాయ్‌లో ఈ ఏడాది వేసిన పన్ను వచ్చే ఏడాది గానీ చేతికి రాదు. ఆపైన స్థలం, బాండ్లు, టెండర్లు, కట్టడం. 18 ఏళ్లు నిండిన పిల్లలు అందాకా ఆగరు కదా. అందుకే శివారు కాలేజీల పుట్టుక చాలాచోట్ల అరువు గదుల్లోనే జరిగింది. మీకు ఉత్తరాన ఉన్న హార్పర్ కాలేజీ 1967లో ఎల్క్ గ్రోవ్ హైస్కూలు గదుల్లో మొదలైంది. కాలిఫోర్నియాలో ఫుట్‌హిల్ కాలేజీ 1958లో మౌంటెన్ వ్యూలోని ఒక పాత ప్రాథమిక పాఠశాలలో తలుపులు తెరిచింది. వాషింగ్టన్ నగరం పక్కన నార్దర్న్ వర్జీనియా కాలేజీ 1965లో బెయిలీస్ క్రాస్‌రోడ్స్‌లో ఒకే ఒక్క భవనంలో 761 మందితో ప్రారంభమైంది.

ఇక మీ బిల్లు. డుపేజ్ కౌంటీలో ఇంటి మార్కెట్ విలువలో మూడో వంతును పన్ను విలువగా తీసుకుంటారు. 6 లక్షల డాలర్ల ఇల్లయితే 2 లక్షలు. కాలేజీ వరుసకు ఎదురుగా ఉన్న రేటు ప్రతి 100 డాలర్లకు అని చదవాలి. అది 0.20 అనుకుంటే 2 లక్షల మీద 400 డాలర్లు, అందులో మీకున్న గృహ మినహాయింపు మేరకు కొద్దిగా తగ్గుతుంది. మీ బిల్లులోని అసలు రేటు పెట్టి ఇలాగే లెక్క కట్టండి.

రేటు తగ్గింది కాబట్టి పన్ను తగ్గిందని కొందరు పొరబడతారు. ఇళ్ల విలువ పెరిగితే రేటు దానంతటదే తగ్గుతుంది, కట్టే మొత్తం మాత్రం తగ్గకపోవచ్చు. అలాగని బోర్డు ఇష్టమొచ్చినట్టు పెంచడానికీ లేదు. 1991 చట్టం ప్రకారం మీ కౌంటీలో ఈ పన్ను వసూళ్ల పెంపు ఏడాదికి 5 శాతం లేదా ధరల పెరుగుదల, రెంటిలో ఏది తక్కువైతే అంతే. కొత్తగా లేచిన ఇళ్ల మీద వచ్చేది ఈ లెక్కలోకి రాదు. పెద్ద కట్టడాలకు ఓటర్ల దగ్గరికే రావాలి. 2002లో 18.3 కోట్ల డాలర్ల బాండ్లకు, 2010లో 16.8 కోట్ల బాండ్లకు అలాగే వచ్చారు, ఓటర్లు ఒప్పుకున్నారు. ఈ మధ్య మీరు చూసే కొత్త గాజు భవనాల్లో చాలావాటి వెనక ఉన్నది ఆ ఓట్లే.

ఒక జాగ్రత్త. నేపర్‌విల్ ఊరంతా ఒకే కౌంటీలో లేదు. దక్షిణాన ఉన్న భాగం విల్ కౌంటీది. కాలేజీ డిస్ట్రిక్టు గీత ఊరి గీతను పట్టుకుని నడవదు. మీ పక్క వీధివారి బిల్లులో వేరే కాలేజీ పేరుంటే అది తప్పు కాదు.

ప్రశ్న: మా రోజుల్లో జూనియర్ కాలేజీ అంటే ఇంటర్మీడియట్. అమెరికాలో కమ్యూనిటీ కాలేజీని కూడా పాతవాళ్లు జూనియర్ కాలేజీ అంటున్నారు. రెండూ ఒకటేనా? పేరెందుకు మారింది?
– విశ్రాంత అధ్యాపకులు, గుంటూరు

జవాబు: ఒకటి కాదండీ. మన ఇంటర్ అక్కడి 11, 12 తరగతులకు సమానం. అక్కడి జూనియర్ కాలేజీ 13, 14 ఏడాదుల చదువు. ఇంటర్ మార్కుల మెమో చూపిస్తే ‘హైస్కూలు పూర్తయింది’ అని లెక్క వేసుకుంటారే తప్ప కాలేజీ క్రెడిట్లు (చదివిన కోర్సులకు ఇచ్చే లెక్క) ఇవ్వరు. ఈ తేడా తెలియక, ‘మావాడు జూనియర్ కాలేజీ చదివేశాడు’ అని దరఖాస్తులో రాసి చిక్కుల్లో పడేవాళ్లున్నారు.

ఆ మాట పుట్టింది చికాగో విశ్వవిద్యాలయంలో. దాని తొలి అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ డిగ్రీ చదువును రెండు ముక్కలు చేసి మొదటి రెండేళ్లకు జూనియర్ కాలేజీ, తరవాతి రెండేళ్లకు సీనియర్ కాలేజీ అని పేర్లు పెట్టాడు. ఆ మొదటి ముక్కను హైస్కూళ్లు చెప్పగలిగితే విశ్వవిద్యాలయాలు పై చదువు మీద పడొచ్చని ఆయన ఆలోచన. ఇల్లినాయ్‌లోని జోలియెట్ హైస్కూలు సూపరింటెండెంట్ జె. స్టాన్లీ బ్రౌన్ తోడయ్యాడు. 1901లో ఆరుగురు విద్యార్థులతో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. దేశంలో ప్రభుత్వ రంగంలో అదే అన్నిటికన్నా పాతది. కాలిఫోర్నియా 1907లోనే హైస్కూళ్లు కాలేజీ పాఠాలు చెప్పుకోవచ్చని చట్టం చేసింది, ఫ్రెస్నోలో 1910లో తొలి కాలేజీ వచ్చింది.

పేరు మారడానికి మూలం అధ్యక్షుడు ట్రూమన్ వేసిన ఉన్నత విద్యా సంఘం 1947లో ఇచ్చిన నివేదిక. విశ్వవిద్యాలయానికి మెట్టుగా మాత్రమే కాక, ఆ చుట్టుపక్కల జనానికి కావలసిన వృత్తి చదువు, సాయంత్రం క్లాసులు, పెద్దల చదువు అన్నీ ఒకేచోట చెప్పే సంస్థ కావాలనీ, దాన్ని ‘కమ్యూనిటీ కాలేజీ’ అని పిలవాలనీ ఆ సంఘం చెప్పింది. మాట అందరి నోటా నానడానికి ఇరవై ఏళ్లు పట్టింది. 1960లలో దేశం మొత్తం మీద దాదాపు వారానికొకటి చొప్పున ఇలాంటి కాలేజీలు తెరిచారు, వాటిలో శివార్లలో లేచినవి ఎన్నో. పేరు మారినా చట్టాల్లో, పాతవాళ్ల నోళ్లలో జూనియర్ అన్న ముక్క అక్కడక్కడా మిగిలిపోయింది.

ప్రశ్న: మేముండే ఫ్రిస్కోలో కాలిన్ కాలేజీ ఉంది. పక్క అపార్ట్‌మెంట్లో ఉన్న స్నేహితుల అబ్బాయికీ మా అమ్మాయికీ ఒకే కోర్సుకు వేర్వేరు ఫీజు పడింది. ఇద్దరిదీ ఫ్రిస్కోనే. ఇదెక్కడి న్యాయం?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: మీ రెండు ఇళ్ల మధ్య కౌంటీ గీత ఉందేమో చూడండి. ఫ్రిస్కో కొంత కాలిన్ కౌంటీలో, కొంత డెంటన్ కౌంటీలో ఉంది. కాలేజీకి పన్ను కట్టేది కాలిన్ కౌంటీ వారు. అందుకే వాళ్లకు తక్కువ ఫీజు. డెంటన్ వైపు ఇల్లున్నవారు ఆ పన్ను కట్టరు, ఆ తేడా ఫీజులో కడతారు. పిన్‌కోడ్ చూసి నిర్ణయించుకోకండి. అప్రైజల్ డిస్ట్రిక్టు (ఇళ్లకు పన్ను విలువ కట్టే సంస్థ) వెబ్‌సైటులో ఇంటి చిరునామా కొడితే పన్ను వేసే సంస్థల జాబితా వస్తుంది. అందులో కాలేజీ పేరుంటే మీరు లోపల, లేకుంటే బయట. అద్దెకున్నవారికీ ఇదే లెక్క, ఇంటి యజమాని కట్టే పన్ను మీ అద్దెలో కలిసే ఉంటుంది కదా. ఇల్లు మారితే సెమిస్టర్ మొదలవకముందే చిరునామా రుజువులు ఇవ్వాలి. ఆలస్యమైతే ఆ సెమిస్టర్‌కు పాత ఫీజే.

కాలిన్ కథ డుపేజ్ కథకు ఇరవై ఏళ్ల తరవాతి అచ్చు. కౌంటీ జనాభా 1980లో లక్షా 45 వేలు, 2000 నాటికి 4 లక్షల 92 వేలు, 2020 నాటికి పదిన్నర లక్షలు దాటింది. 1985లో ఓటర్లు డిస్ట్రిక్టును ఒప్పుకోగానే హైస్కూలు గదుల్లో క్లాసులు పెట్టారు. 1986లో మెకిన్నీలో, 1988లో ప్లేనోలో, 1995లో మీ ఫ్రిస్కోలో క్యాంపస్‌లు వచ్చాయి. 2017 మేలో 60 కోట్ల డాలర్ల బాండ్లకు ఓటర్లు సరేనన్నాక వైలీ, ఆలెన్, సెలైనా, ఫార్మర్స్‌విల్ కూడా చేరాయి. కాలేజీ పన్ను ఇటీవలి ఏళ్లలో 100 డాలర్ల విలువకు సుమారు 8 సెంట్లు. అంటే పన్ను విలువ 5 లక్షలున్న ఇంటికి ఏటా 400 డాలర్ల చిల్లర. ఇళ్లు ఇంతగా లేస్తున్న చోట రేటు పెంచకుండానే రాబడి పెరుగుతుంది. కాలిన్ వేగంగా విస్తరించడంలో గొప్ప నిర్వహణ వాటా ఎంతో, పక్కనే లేచిన ఇళ్ల వాటా ఎంతో విడదీయడం కష్టం. మా లెక్కలో రెండోదే ఎక్కువ.

2020 నుంచి సైబర్ సెక్యూరిటీలో, నర్సింగ్‌లో నాలుగేళ్ల డిగ్రీలు కూడా ఇక్కడ ఇస్తున్నారు. అంతమాత్రాన ఇది విశ్వవిద్యాలయం అయిపోలేదు. ఎంపిక చేసిన కొన్ని రంగాలకే ఆ అనుమతి.

ప్రశ్న: మా అబ్బాయి డి ఆంజా కాలేజీలో చేరి రెండేళ్ల తరవాత బర్క్‌లీలో కంప్యూటర్ సైన్సుకు వెళ్తానంటున్నాడు. ‘అక్కడ చదివితే యూసీలో సీటు గ్యారంటీ’ అని అందరూ అంటున్నారు. నిజమా? ఏ వరసలో ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, సన్నీవేల్, కాలిఫోర్నియా

జవాబు: సగం నిజం. హామీ ఉంది, బర్క్‌లీకి లేదు. ట్రాన్స్‌ఫర్ హామీ ఒప్పందం ఇచ్చేవి యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లలో ఆరు: డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, సాంటా బార్బరా, సాంటా క్రూజ్. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్‌ డియేగో ఇవ్వవు. ఇచ్చే ఆరింటిలోనైనా కంప్యూటర్ సైన్స్ లాంటి గిరాకీ ఉన్న సబ్జెక్టును కొన్ని క్యాంపస్‌లు హామీ నుంచి తప్పిస్తాయి. ఆ జాబితా ఏటా చూసుకోవాల్సిందే.

అసలీ ఏర్పాటు ఎక్కడిదంటే కాలిఫోర్నియా ఉన్నత విద్యకు 1960లో వేసిన మాస్టర్ ప్లాన్‌ది. హైస్కూలులో పైన ఉన్న ఎనిమిదో వంతుకు యూసీ, మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, కమ్యూనిటీ కాలేజీల తలుపులు అందరికీ బార్లా, అక్కడి నుంచి మూడో ఏడాదికి పైకి దారి. మీ ఫుట్‌హిల్–డి ఆంజా డిస్ట్రిక్టు 1957లోనే ఏర్పడింది. ఫుట్‌హిల్ నిండిపోవడంతో 1967లో కుపర్టినోలో డి ఆంజా తెరిచారు. తొలి మాకింటాష్ కంప్యూటర్‌ను 1984 జనవరిలో స్టీవ్ జాబ్స్ అందరికీ చూపించింది ఈ కాలేజీ ఆవరణలోని ఫ్లింట్ సెంటర్లోనే. ఆ హాలు 2019లో మూతపడింది.

ఇక వరస. కాలేజీలో చేరాక విశ్వవిద్యాలయం వెతుక్కోవడం కాదు, ముందు ఏ విశ్వవిద్యాలయం, ఏ సబ్జెక్టు అని కనీసం మూడు జతలు రాసుకోవాలి. తరవాత ‘అసిస్ట్’ అనే రాష్ట్ర వెబ్‌సైటు తెరిచి ఎడమ వైపు కాలేజీ, కుడి వైపు విశ్వవిద్యాలయం పెడితే ఏ కోర్సు దేనికి సరిపోతుందో పట్టిక వస్తుంది. మూడు పట్టికలూ ప్రింటు తీసి పక్కపక్కన పెట్టి ఉమ్మడిగా ఉన్న కోర్సులకు గుర్తు పెట్టండి. మొదటి ఏడాదికి అవే చాలు. ‘ఈ కోర్సుకు సమానమైనది లేదు’ అని ఉన్న గడులను వేరే రంగుతో గుర్తించండి, అవి పక్క కాలేజీలో చేయాల్సి రావచ్చు.

తప్పు ఎక్కువగా జరిగేది కాల్‌క్యులస్ దగ్గర. డి ఆంజాది క్వార్టర్ పద్ధతి, అంటే సెమిస్టర్ కన్నా చిన్న టర్ములు. కాల్‌క్యులస్‌ను 1ఏ, 1బీ, 1సీ, 1డీ అని నాలుగు ముక్కలుగా చెబుతారు. సెమిస్టర్ కాలేజీల్లో అదే పాఠం మూడు ముక్కలు. ఇక్కడ 1ఏ, 1బీ చేసి, వేసవిలో త్వరగా అయిపోతుందని పక్కనున్న సెమిస్టర్ కాలేజీలో కాల్‌క్యులస్ 2 పట్టుకుంటే, ఇంటిగ్రేషన్ సగం మళ్లీ చదవాలి. పోనీ 3కి దూకితే సిరీస్‌ల పాఠం పూర్తిగా తప్పిపోతుంది. విశ్వవిద్యాలయం ఆ గొలుసు తెగిందని గుర్తిస్తే పాస్ అయిన కోర్సుకూ విలువ తగ్గుతుంది. గణితం, ఫిజిక్సు వరుసలు ఎక్కడ మొదలుపెడితే అక్కడే ముగించాలి. క్వార్టర్ యూనిట్లను సెమిస్టర్ లెక్కలోకి మార్చడానికి మూడింట రెండు వంతులు తీసుకోండి: 90 క్వార్టర్ యూనిట్లు 60 సెమిస్టర్ యూనిట్లకు సమానం. యూసీ మూడో ఏడాదిలో చేరడానికి కనీసం కావలసింది అంతే.

మరో పొరపాటు, జనరల్ ఎడ్యుకేషన్ (జీఈ, ఏ సబ్జెక్టు వారైనా చదవాల్సిన కోర్సులు) పట్టికను ముందు పూర్తి చేసి సబ్జెక్టు కోర్సులను రెండో ఏడాదికి వాయిదా వేయడం. చరిత్రకో సాహిత్యానికో అది సరే. ఇంజినీరింగుకు, కంప్యూటర్ సైన్సుకు అది తలకిందులు. డేటా స్ట్రక్చర్స్, లీనియర్ ఆల్జీబ్రా, ఫిజిక్స్ పూర్తి కాకుండా జీఈ అంతా అయిపోయినా దరఖాస్తు నిలబడదు. సబ్జెక్టు కోర్సులను గ్రేడుతోనే చేయాలి, పాస్/నోపాస్ పెట్టుకోకూడదు.

హామీ దరఖాస్తు సెప్టెంబరులో, అసలు యూసీ దరఖాస్తు అక్టోబరు, నవంబరులలో. హామీ దరఖాస్తు పెట్టి అసలుది మరిచిపోతే హామీ చెల్లదు. బర్క్‌లీకి ప్రయత్నిస్తూనే హామీ ఉన్న ఒక క్యాంపస్‌ను పట్టి ఉంచుకోవడమే తెలివైన పద్ధతి.

టెక్సస్ పాఠకులకు ఇక్కడే ఒక ముక్క. మీకు అసిస్ట్ లాంటి పట్టిక కన్నా కోర్సు నంబరే సాయం చేస్తుంది. మ్యాథ్ 2413 అంటే మొదటి అంకె 2 రెండో ఏడాది స్థాయి, రెండో అంకె 4 క్రెడిట్లు, మిగతా రెండూ వరుస సంఖ్య. ఈ ఉమ్మడి నంబరు రాష్ట్రంలోని కమ్యూనిటీ కాలేజీలన్నింటా ఒకటే.

ప్రశ్న: ఎడిసన్‌లో మా దగ్గరున్న మిడిల్‌సెక్స్ కాలేజీ స్థలంలో ఒకప్పుడు తుపాకీమందు నిల్వ చేసేవారని విన్నాను. పుకారేనా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: నిజమే. అది రారిటన్ ఆర్సెనల్, అమెరికా సైన్యపు ఆయుధాగారం. మొదటి ప్రపంచ యుద్ధం నాటిది, 1960ల మొదట్లో మూసేశారు. 1962లో న్యూజెర్సీ కౌంటీ కాలేజీల చట్టం చేసింది, 1964లో మీ కాలేజీ ఏర్పాటైంది, 1966లో ఆ స్థలంలోనే క్లాసులు మొదలయ్యాయి. సైన్యం వదిలిన భవనాలు ఉండబట్టి ట్రైలర్ల బాధ తప్పింది. న్యూజెర్సీలో డిస్ట్రిక్టుకు విడిగా గీతలు లేవు, సాధారణంగా కౌంటీయే డిస్ట్రిక్టు, ఎడిసన్ ఊరంతా ఒకే కౌంటీలో ఉంది. అందుకే ఫీజు దగ్గర ఫ్రిస్కో లాంటి తికమక మీకు రాదు.

ప్రశ్న: ఇంటర్ అయిన మా అబ్బాయిని నేరుగా అమెరికా కమ్యూనిటీ కాలేజీకి పంపితే ఖర్చు తగ్గుతుందని ఒక ఏజెంటు చెప్పాడు. కాలిఫోర్నియాలో యూనిట్‌కు 46 డాలర్లేనట. నమ్మవచ్చా?
– ఒక తండ్రి, విజయవాడ

జవాబు: 46 డాలర్లు నిజం, కానీ మీ అబ్బాయికి కాదు. అది కాలిఫోర్నియా నివాసులు కట్టేది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద వచ్చినవారు దాని మీద అదనంగా నాన్‌ రెసిడెంట్ ట్యూషన్ కట్టాలి, అదే అసలు మొత్తం. ఈ కాలేజీలు స్థానిక పన్నుతో నడుస్తాయి కాబట్టి పన్ను కట్టని బయటివారికి ఆ రాయితీ ఉండదు. అయినా చాలా విశ్వవిద్యాలయాల కన్నా తక్కువే అవుతుంది.

ఏజెంటు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదవాలి, ఆ లెక్కలోకి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే, అదీ 3 క్రెడిట్ల వరకే. శివారు కాలేజీల్లో చాలావాటికి హాస్టల్ లేదు. చుట్టూ పార్కింగ్, ఆ తరవాత రోడ్డు. బస్సు ఎన్నింటికి ఆగిపోతుందో చూడకుండా రాత్రి ల్యాబు తీసుకుంటే ఇంటికి చేరే దారుండదు. కాబట్టి ఇల్లు వెతికేటప్పుడు అద్దె కన్నా ముందు బస్సు రూటు చూడండి. అసోసియేట్ డిగ్రీ (ఈ రెండేళ్ల డిగ్రీ) తరవాత 12 నెలల ఓపీటీ, అంటే చదివిన రంగంలో పనిచేసే అనుమతి, దొరుకుతుంది కానీ, టెక్నాలజీ చదువులకు ఇచ్చే పొడిగింపు బ్యాచిలర్స్, ఆపై డిగ్రీలకే.

వీసా ఇంటర్వ్యూలో ‘రెండేళ్ల తరవాత ఏమిటి’ అని అడిగితే చూపించడానికి ట్రాన్స్‌ఫర్ ప్రణాళిక ఉండాలి. ఏ విశ్వవిద్యాలయం, ఏ సబ్జెక్టు, నాలుగేళ్ల డబ్బు ఎక్కడిది అన్నది చెప్పగలిగితే కాలేజీ చిన్నదన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

ప్రశ్న: నర్సింగ్ చేయాలని ఉంది. కమ్యూనిటీ కాలేజీలో అందరికీ ప్రవేశం అంటారు కదా, మరి నర్సింగ్‌కు ఎందుకు వెయిటింగ్?
– ఒక పాఠకురాలు, బోలింగ్‌బ్రూక్, ఇల్లినాయ్

జవాబు: కాలేజీలో ప్రవేశం అందరికీ, నర్సింగ్ ప్రోగ్రాంలో ప్రవేశం పోటీ మీద. ఆసుపత్రి వార్డులో ఒక అధ్యాపకురాలి కింద పదిమందికి మించి విద్యార్థులను పెట్టడం కష్టం, ఆసుపత్రులు ఇచ్చే వార్డు స్థలాలూ తక్కువ. తరగతి గదులు ఎన్ని కట్టినా సీట్లు పెరగనిది అందుకే. రెండేళ్ల నర్సింగ్ డిగ్రీ 1950ల మొదట్లో మిల్డ్రెడ్ మాంటాగ్ రూపొందించిన పద్ధతి. నాలుగేళ్లు చదివినవారు నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ పరీక్షే వీరూ రాస్తారు. ముందుగా అనాటమీ–ఫిజియాలజీ రెండు భాగాలు, మైక్రోబయాలజీ ల్యాబుతో సహా పూర్తి చేసుకోండి. పాత క్రెడిట్లుంటే తేదీ చూసుకోండి, కొన్నిచోట్ల అయిదేళ్లు దాటిన సైన్సు కోర్సు చెల్లదు.

ప్రశ్న: మా ఊరి కమ్యూనిటీ కాలేజీ చరిత్ర మా సంఘం సావనీరులో రాయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక్కోచోట ఒక్కో స్థాపన సంవత్సరం ఉంది, విద్యార్థుల సంఖ్య కూడా ఒకటి పన్నెండు వేలు, ఇంకొకటి ఇరవై ఆరు వేలు.
– ఒక పాఠకుడు, అరోరా, ఇల్లినాయ్

జవాబు: రెండూ తప్పు కాకపోవచ్చు. స్థాపన అంటే ఓటింగు జరిగిన ఏడాదా, బోర్డు మొదటి సమావేశమా, తొలి క్లాసా? ఇల్లినాయ్ కాలేజీల్లో ఇవి రెండు మూడేళ్ల తేడాతో ఉంటాయి. మీరు దేన్ని పట్టుకున్నారో వ్యాసంలో చెప్పేస్తే గొడవ ఉండదు. జూనియర్ అన్న మాట ఎప్పుడు తీసేశారో కూడా వేరే తేదీగా రాసుకోండి.

సంఖ్యల తేడా తలల లెక్కకూ పూర్తికాల లెక్కకూ మధ్యది. సాయంత్రం ఒక్క కోర్సు తీసుకున్న బ్యాంకు ఉద్యోగిని తలల లెక్కలో ఒకరు. పూర్తికాల లెక్కలో సెమిస్టర్ మొత్తం క్రెడిట్లను 15తో భాగిస్తారు. ఒకరు 6 క్రెడిట్లు, ఇంకొకరు 9 తీసుకుంటే ఇద్దరూ కలిసి ఒక్కరు. పైగా ఒక శరదృతువులో ఉన్నవారి సంఖ్య వేరు, ఏడాది మొత్తం వచ్చిపోయినవారి సంఖ్య వేరు. కరపత్రాల్లో వేసేది ఎప్పుడూ పెద్ద సంఖ్యే. వరుసగా అన్ని ఏళ్లకూ ఒకే రకం లెక్క తీసుకోవాలి. కేంద్ర విద్యా శాఖ ఐపెడ్స్ పట్టికల్లో 1980ల నుంచి అది దొరుకుతుంది. 2010 ప్రాంతంలో దేశమంతటా శిఖరం, అక్కడి నుంచి దిగుదల కనబడితే కాలేజీ చెడిపోయిందని రాసేయకండి. మాంద్యంలో ఉద్యోగాలు పోయి జనం చదువుకు వచ్చారు, ఉద్యోగాలు తిరిగి రాగానే వెళ్లారు. దానికి తోడు శివారు నిండిపోతే పిల్లల సంఖ్య ఆగిపోతుంది. డుపేజ్ కౌంటీ 2000లో 9 లక్షల 4 వేలు, 2020లో 9 లక్షల 33 వేలు. ఇరవై ఏళ్లలో పెరిగింది అంతే.

కాగితాల విషయానికొస్తే, ముందు కాలేజీ లైబ్రరీ ఆర్కైవ్స్‌కు వెళ్లి బోర్డు మినిట్స్ అడగండి. భూమి ఎవరి దగ్గర కొన్నారు, ఎకరా ఎంత పడింది, ఏ టెండరు రద్దయింది అన్నది అక్కడే ఉంటుంది. రిఫరెండం ఫలితాలు కౌంటీ క్లర్కు దగ్గర పోలింగు కేంద్రాల వారీగా దొరుకుతాయి. ఏ ఊరు ఒప్పుకుంది, ఏ ఊరు కాదంది అని పక్కపక్కన పెడితే మీ వ్యాసంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన పేరా అదే అవుతుంది. విద్యార్థి పత్రిక పాత సంచికలు తప్పక తిరగేయండి, అధికారిక చరిత్రలో రాని పార్కింగ్ కొట్లాటలు, హీటరు పనిచేయని ట్రైలర్లు అందులోనే ఉంటాయి. పాత కోర్సు కేటలాగులు అయిదేళ్లకొకటి చొప్పున తీసి టైపింగు, కీపంచ్, డేటా ప్రాసెసింగ్, నెట్‌వర్కింగ్ ఏ ఏడాది వచ్చాయో ఏ ఏడాది పోయాయో రాసుకోండి. ఫొటోలు వాడాలంటే లిఖితపూర్వక అనుమతి తీసుకుని, ఫొటో కింద తీసిన ఏడాది వేయండి. ఏడాది లేని ఫొటోలో భవనం తాత్కాలికమో శాశ్వతమో తెలియకపోతే, వెనక పార్కింగ్‌లో ఉన్న కార్ల మోడళ్లు చూస్తే దశకం తేలుతుంది.